కొడవలి పేరున్న ఊరు: జాంక్లే నుంచి మెస్సీనా దాకా

(ఒక గ్రంథాలయ సభలో ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పూట, అదీ ఎక్కడో సిసిలీలో ఉన్న ఒక గ్రీకు వలస ఊరి పేరు గురించి వినడానికి ఇంతమంది వస్తారని నిర్వాహకులు అనుకోలేదట. వెనక కుర్చీలు వేస్తున్నారు. ఈలోగా తెర మీద బొమ్మ చూస్తూ ఉండండి.

ఇది వెండి నాణెం. ఇక్కడ గోడంత కనిపిస్తోంది గానీ, అసలు నాణెం మన రెండు రూపాయల బిళ్ల కంటే పెద్దదేం కాదు. క్రీ.పూ. 525కీ 494కీ మధ్య కొట్టింది. మధ్యలో ఎగురుతున్న చేప లాంటిది డాల్ఫిన్. దాని చుట్టూ సన్నటి పట్టీ ఒకటి వంపు తిరిగి ఉంది, చూశారా? అంచు కోసం గీసిన గీత కాదది. గుండ్రంగా పూర్తిగా చుట్టుకోలేదు, ఒక పక్క తెరిచి ఉంది. అది ఓడరేవు. కొన్ని నాణేల మీద ఆ పట్టీకి చిన్న చిన్న దిమ్మలు కూడా ఉంటాయి, రేవు గట్టు మీది కట్టడాలన్నమాట. కింద అక్షరాలున్నాయి. గ్రీకు రాకపోయినా ఇంగ్లిష్ అక్షరాలు వచ్చినవాళ్లు కూడబలుక్కుని చదివేయొచ్చు: డి, ఏ, ఎన్, కే, ఎల్, ఈ. డాంక్లే. రోమన్ లిపికి మూలమైన గ్రీకు అక్షరాలు ఈ తరహావే కాబట్టి మనకు ఆ సౌకర్యం.

ఊరి పేరు పుస్తకాల్లో జాంక్లే. నాణెం మీద డాంక్లే. ఈ తేడా దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఊరెక్కడో చూద్దాం.

ఇటలీ మ్యాపులో బూటు కొన, దాని ఎదురుగా సిసిలీ దీవి. రెండింటి మధ్య జలసంధి. బాగా ఇరుకైన చోట వెడల్పు మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అంతే. సిసిలీ వైపు ఒడ్డు నుంచి సన్నటి నేల నాలిక ఒకటి సముద్రంలోకి వచ్చి, గుండ్రంగా వంగి, మళ్లీ ఒడ్డు వైపే చూస్తున్నట్టు ఆగిపోతుంది. లోపల నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, బయట ప్రవాహాలు సుడులు తిరుగుతుంటాయి. ఓడలవాడికి ఇంతకంటే ఏం కావాలి! ఇప్పటికీ పెద్ద పెద్ద ప్రయాణికుల ఓడలు ఆ వంపులోకే వచ్చి ఆగుతాయి. ఈనాటి మెస్సీనా నగరం అదే.

క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దంలో గ్రీకులు పడమటి సముద్రాల మీదికి వచ్చినప్పుడు ఈ చోటు వాళ్ల కంట పడింది. ఎవరి కంట? ఇక్కడ ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ చాలా సూటిగా చెప్పాడు. ఏథెన్స్ వాళ్లు క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి దండయాత్రకు బయల్దేరే ఘట్టం మొదలుపెడుతూ, అసలు ఆ దీవిలో ఎవరెవరున్నారో వరసగా చెప్పుకొస్తాడు. అందులో జాంక్లే వంతు వచ్చేసరికి, మొదట వచ్చినవాళ్లు కుమే నుంచి వచ్చిన దోపిడీదొంగలు అంటాడు. సముద్రపు దొంగలు. కుమే అంటే ఇటలీలో నేపుల్స్ దగ్గర, గ్రీసులోని ఖాల్కిస్ ఊరివాళ్లు వేసిన ఊరు. జలసంధిలో ప్రతి ఓడా అటే పోవాలి, పక్కనే దాక్కోవడానికి కొంకి లాంటి రేవు. దొంగలకు అంతకంటే మంచి కాపు ఎక్కడ దొరుకుతుంది? ఆ తర్వాత ఖాల్కిస్ నుంచీ, మిగతా యుబోయా దీవి నుంచీ జనం పెద్దయెత్తున వచ్చి వాళ్లతో కలిసి భూములు పంచుకున్నారు. స్థాపకులుగా ఇద్దరి పేర్లు చెప్పాడు: కుమే నుంచి పెరియేరెస్, ఖాల్కిస్ నుంచి క్రతైమెనెస్.

ఇక పేరు. థుసిడిడీస్ మాట సారాంశం ఇది: మొదట ఆ చోటికి జాంక్లే అని పేరు పెట్టింది సికెల్‌లు, ఎందుకంటే ఆ చోటు కొడవలి ఆకారంలో ఉంటుంది, కొడవలిని సికెల్‌లు 'జాంక్లోన్' అంటారు.

ఒక్క వాక్యం. కానీ నా ప్రసంగమంతా ఆ వాక్యం మీదే. సికెల్‌లంటే గ్రీకులు రాకముందు తూర్పు సిసిలీలో ఉన్నవాళ్లు. వాళ్లు కూడా ఇటలీ నుంచి వచ్చినవాళ్లేనని, అనుకూలమైన గాలి కోసం కాచుకుని తెప్పల మీద జలసంధి దాటారని, అది గ్రీకుల రాకకు ఇంచుమించు 300 ఏళ్ల ముందని అదే చోట రాశాడు. ఆ దీవికి సికెలియా అనే పేరు వచ్చింది కూడా వాళ్ల వల్లే. వాళ్ల భాషలో మిగిలినవి కొద్దిపాటి శాసనాలు, గ్రీకు, లాటిన్ రచయితలు ఎక్కడెక్కడో చెప్పిన కొన్ని మాటలు. అవి కూడా గ్రీకు లిపిలో రాసినవే, ఎందుకంటే రాత వాళ్లకు వలసవచ్చినవాళ్ల దగ్గర్నుంచే అబ్బింది. అలా నిలిచిన గుప్పెడు మాటల్లో కొడవలి ఒకటి.

గ్రీకులకు కొడవలికి మాట లేకనా? ఉంది. 'డ్రెపనోన్'. అదే దీవిలో, పడమటి కొసన, ఇలాగే వంపు తిరిగిన నేల మీద ఒక రేవు ఉంది. దాన్ని గ్రీకులు డ్రెపనోన్ అనే పిలిచారు. ఇప్పటి ట్రపాని అదే. అంటే ఒకే దీవికి తూర్పున ఒక కొడవలి, పడమట ఒక కొడవలి. పడమటిది గ్రీకు కొడవలి, తూర్పుది సికెల్ కొడవలి. తమ మాట చేతిలో ఉండి కూడా తూర్పున ఉన్న గ్రీకులు అవతలివాళ్ల మాటే వాడారంటే, వాళ్లు దిగేసరికి ఆ రేవుకు పేరు ఉంది. ఆ పేరుతో పిలిచే మనుషులూ ఉన్నారు. 'ఖాళీ నేల మీద వచ్చి ఊరు కట్టాం' అనే కథ ఏ వలసకైనా మహా ఇష్టం. ఇక్కడ ఊరి పేరే ఆ కథకు అడ్డం తిరిగింది.

ఇప్పుడు జ, డ తేడా. సికెల్ మాట మొదట్లో ఉన్న శబ్దం గ్రీకు చెవికి కొత్తదై ఉండాలి. ఊళ్లోవాళ్లు దాన్ని తమ డెల్టా అక్షరంతో రాశారు, ఏథెన్స్ వాడైన థుసిడిడీస్ జీటా వాడాడు. పరాయి మాటను మన లిపిలోకి దించేటప్పుడు పడే అవస్థే ఇది, కొత్తేం కాదు. నాకు ముచ్చటగా అనిపించేది వేరే. ఆ నాణెం కొట్టింది ఊరు పుట్టిన 200 ఏళ్ల తర్వాత. అప్పటికీ ఆ గ్రీకులకు తమ ఊరి పేరుకు అర్థం తెలుసు. తెలియకపోతే డాల్ఫిన్ చుట్టూ కొడవలి ఎందుకు చెక్కిస్తారు? సికెల్ మాటా, దాని బొమ్మా పక్కపక్కన పెట్టి వెండి మీద అచ్చు వేశారు. ఒకరకంగా అదొక చిన్న నిఘంటువు.

ఆ అర్థం ఎంత గట్టిదంటే, ఆ నేల నాలికను ఇవాళ్టికీ మెస్సీనా జనం 'జోనా ఫల్కాతా' అంటారు. ఇటాలియన్‌లో కొడవలి ప్రాంతం అని. సికెల్ భాష పోయింది, ప్రాచీన గ్రీకు పోయింది, కొడవలి మాత్రం ఉంది. అయితే ఇది నోటి నుంచి నోటికి దిగివచ్చిందని నేను అనను. చూసిన ప్రతివాడికీ అది కొడవలిలాగే కనిపిస్తుంది, అంతే.

(సభలోంచి ఒకరు: మరి పురాణ కథలేం లేవా సార్?)

లేకుండా ఎలా ఉంటాయండీ! ఊరన్నాక స్థలపురాణం ఉండాల్సిందే. అక్కడికే వస్తున్నా.

కొడవలి అనగానే గ్రీకువాడికి గుర్తొచ్చేది పొలం కాదు, క్రోనోస్. తండ్రి ఊరనోస్‌ను, అంటే ఆకాశాన్ని, కొడవలితో ఖండించినవాడు. మరి ఆ కొడవలి ఏమైంది? ఎక్కడో పడాలి కదా. జాంక్లే నేల కింద, ఒక బొరియలో దాగి ఉందన్నారు. ఇదే కొడవలి కోసం కోర్ఫూ దీవి కూడా పోటీకి వచ్చింది. దానికి ప్రాచీనకాలంలో డ్రెపానే అనే పేరు కూడా ఉండేది. ఇంకో కథ డియోడోరస్ అనే సిసిలీ గ్రీకు చరిత్రకారుడు చెప్పాడు: జాంక్లోస్ అని ఒక రాజు ఉండేవాడట, అతని పేరే ఊరికి వచ్చిందట, ఓరియన్ అనే మహాకాయుడు అతని కోసం ఆ నేల నాలికను కట్టి రేవు తయారుచేశాడట. ఊరి పేరు అర్థం కాకపోతే ఆ పేరుతో ఒక రాజును పుట్టించడం అన్ని దేశాల్లోనూ ఉన్న పద్ధతే. రాజు పేరుకు అర్థమేమిటని ఎవరూ అడగరు, అదీ అందులో సుఖం.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన కథ కల్లిమకస్‌ది. క్రీ.పూ. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో పనిచేసిన కవి. గ్రంథాలయంలో నిలబడి ఆయన పేరు చెప్పడం బాగానే ఉంది! ఈ కథ ఉన్న భాగం ఈజిప్టులో దొరికిన పాపిరస్ ముక్కల వల్ల మనకు అందింది. అందులో ఏముందంటే, పెరియేరెస్, క్రతైమెనెస్ ఇద్దరూ కలిసి గోడలు, బురుజులు కట్టారు. కట్టాక ఊరు నాదంటే నాదని తగాదా పడ్డారు. తేల్చమని అపోలో దేవుణ్ణి అడిగారు. దేవుడు ఇద్దరిలో ఎవరికీ ఇవ్వలేదు. ఇది పెరియేరెస్ ఊరూ కాదు, క్రతైమెనెస్ ఊరూ కాదు అన్నాడు.

దీని బరువు తెలియాలంటే గ్రీకు వలసల్లో స్థాపకుడి స్థానం తెలియాలి. అతను చనిపోతే ఊరి నడిబొడ్డున పాతిపెడతారు. ఏటా బలి ఇచ్చి, పేరు పెట్టి పిలిచి, విందుకు ఆహ్వానిస్తారు. ఆఫ్రికా ఉత్తర తీరంలోని గ్రీకు వలస కిరీనేలో, దాని స్థాపకుడు బట్టోస్‌కు జరిగిన మర్యాద అదే. జాంక్లేలో ఏం చేయాలి? ఏ పేరూ పిలవకూడదు. అందుకని ఊరి పెద్దలు ఇలా పిలిచేవారట: మా ఊరిని కట్టినవాడు ఎవరైతే ఉన్నాడో ఆయన దయతో విందుకు రావాలి, వెంట ఇద్దరిని తెచ్చుకున్నా సరే, ఇంకా ఎక్కువమందిని తెచ్చుకున్నా సరే, ఎద్దు రక్తం తక్కువేం పారలేదు.

ఎంత తెలివైన పిలుపో చూడండి. ఇద్దరికీ కోపం రాదు. అలా వలసవచ్చినవాళ్ల నాయకుల పేర్లు విందులో పలకడానికి కూడా నోచుకోలేదు. పేరు లేని సికెల్ జాలరో, రైతో అన్న మాట మాత్రం ఊరి వెండి మీదికెక్కింది.

ఇక ఈ పేరు ఎలా పోయిందో చెప్పాలి. ఇది మోసాల కథ. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తీరిగ్గా చెప్పాడు, నేనూ తొందరపడను.

క్రీ.పూ. 494. ఆసియా ఒడ్డున అయోనియా గ్రీకులు పర్షియా మీద తిరగబడి లాదే దగ్గర సముద్రయుద్ధంలో ఓడిపోయారు. ఆ యుద్ధంలో, ఆ ఒడ్డు పక్కనే ఉన్న సామోస్ దీవి ఓడలు చాలావరకు మధ్యలోనే తెరచాపలెత్తి ఇంటిదారి పట్టాయి. సామోస్‌లో కలిగినవాళ్లకు ఇది నచ్చలేదు. పర్షియా వాళ్లు పాత నియంతను తెచ్చి నెత్తిన పెడతారు, ఈలోపు పోదాం అనుకున్నారు. సరిగ్గా అప్పుడే జాంక్లే నుంచి కబురు వచ్చింది: మా దీవి ఉత్తరపు ఒడ్డున కాలే అక్తే, అంటే అందమైన తీరం, అనే చోటు ఉంది, అది సికెల్‌లది, వచ్చి ఊరు కట్టుకోండి. గమనించారా? సికెల్‌ల నేలను జాంక్లే వాళ్లు వేరేవాళ్లకు రాసిచ్చేస్తున్నారు.

సామోస్ వాళ్లు బయల్దేరారు, అయోనియా నగరం మిలేటస్ నుంచి కొందరు శరణార్థులూ వెంట వచ్చారు. దక్షిణ ఇటలీ చేరారు. ఆ సమయానికి జాంక్లే రాజు స్కుథేస్ తన జనంతో ఒక సికెల్ ఊరిని ముట్టడిస్తున్నాడు. సొంత ఊళ్లో రక్షణ లేదు. జలసంధికి అవతలి ఊరు రేగియోన్. దాని నియంత అనాక్సిలాస్‌కు జాంక్లే అంటే గిట్టదు. అతను సామోస్ వాళ్ల చెవిలో ఊదాడు: అందమైన తీరం ఎందుకయ్యా మీకు, కట్టి ఉన్న ఊరు ఖాళీగా ఉంది, వెళ్లి కూర్చోండి. వాళ్లు వెళ్లి కూర్చున్నారు.

స్కుథేస్ పరుగున వచ్చి, మిత్రుడైన, సిసిలీలోని గేలా ఊరి నియంత హిప్పోక్రటీస్‌ను సాయం పిలిచాడు. వైద్యుడు హిప్పోక్రటీస్ కాదు, ఇతను వేరే. ఈయన సైన్యంతో వచ్చాడు, వచ్చి స్కుథేస్‌నే, అతని తమ్ముడితో సహా సంకెళ్లేసి పంపేశాడు. ఊరు పోగొట్టుకున్న పాపానికట. తర్వాత సామోస్ వాళ్లతో బేరం పెట్టుకున్నాడు: ఊళ్లో ఉన్న సామాన్లలో, బానిసల్లో సగం నాకు, పొలాల్లో ఉన్నదంతా నాకు. కంచే చేను మేసింది. జాంక్లే జనంలో ఎక్కువమందిని బానిసలుగా కట్టేసుకున్నాడు. పెద్దమనుషులు 300 మందిని వేరుచేసి, చంపేయండని సామోస్ వాళ్లకు అప్పగించాడు. సామోస్ వాళ్లు ఆ పని మాత్రం చేయలేదు. ఇంత కథలో ఎవరైనా చేసిన మంచిపని ఏదన్నా ఉంటే అదొక్కటే.

స్కుథేస్ తప్పించుకుని సిసిలీలోనే ఉన్న హిమేరా ఊరికి, అక్కడినుంచి ఆసియాకు, పర్షియా చక్రవర్తి డరియస్ దగ్గరకు చేరాడు. ఒకసారి సెలవు తీసుకుని సిసిలీ వెళ్లి, మాట ప్రకారం తిరిగి వచ్చాడట. గ్రీసు నుంచి నా దగ్గరకు వచ్చినవాళ్లందరిలో ఇతనంత నిజాయితీపరుడు లేడని డరియస్ మెచ్చుకున్నాడు. ముసలివాడై, సంపన్నుడై పర్షియాలోనే చనిపోయాడు.

సామోస్ వాళ్ల సుఖం ఎంతకాలం? కొన్నేళ్లే. ఊరు తీసుకోమని సలహా ఇచ్చిన అనాక్సిలాసే వాళ్లనూ వెళ్లగొట్టాడు. రకరకాల జనాన్ని తెచ్చి నింపి, ఊరి పేరు మార్చేశాడు. మెస్సేనే. కారణం, అతని పూర్వీకులు గ్రీసులోని మెస్సేనే ప్రాంతం వాళ్లు. జనం డోరిక్ అనే గ్రీకు యాసలో మెస్సానా అన్నారు, చివరికి మెస్సీనా అయింది.

తెర మీద రెండో నాణెం చూడండి. కొడవలి లేదు, డాల్ఫిన్ లేదు. ఒక పక్క కంచరగాడిదల బండి, ఇంకో పక్క కుందేలు. అనాక్సిలాస్ ఒలింపిక్ క్రీడల్లో కంచరగాడిదల బండి పందెం గెలిచాడు, ఆ గొప్ప అక్కడ పెట్టుకున్నాడు. కుందేళ్లను సిసిలీకి తెచ్చింది తనేనట, అందుకు కుందేలు. ఊరి నాణెం మీద ఊరు పోయి, దొరగారు వచ్చారు. ఇలాంటి పందెపు గెలుపు గురించే అరిస్టాటిల్ ఒక ముచ్చట చెప్పాడు. గెలిచినవాడు సిమోనిడీస్ కవిని పద్యం అడిగాడు. ఇస్తానన్న డబ్బు తక్కువ. కంచరగాడిదల మీద నేనేం రాస్తానండీ అని కవి మొహమాటపడ్డాడు. డబ్బు పెంచారు. వెంటనే వచ్చింది పద్యం: 'తుపాను కాళ్ల గుర్రాల కూతుళ్లారా, జయము!' తల్లి గుర్రమే, అబద్ధం లేదు. తండ్రి గాడిద అన్న సంగతి వదిలేశాడు, అంతే. (నవ్వులు)

అనాక్సిలాస్ క్రీ.పూ. 476లో పోయాడు, కొడుకుల పాలన 461 ప్రాంతంలో ముగిసింది. ఆ తరుణంలో పాత పేరుతో, 'డాంక్లే వాళ్లది' అని ఒక అరుదైన నాణెం కనిపిస్తుంది. పాత పేరు మళ్లీ ఒకసారి తల ఎత్తిందన్నమాట. నిలవలేదు. ఇంచుమించు 170 ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 288లో, కిరాయి సైనికులు ఊరిని ఆక్రమించి మగవాళ్లను చంపి, ఇళ్లూ ఆడవాళ్లనూ పంచుకున్నారు. మామెర్స్ అంటే వాళ్ల భాషలో యుద్ధదేవుడు మార్స్, అందుకని వాళ్లు మామెర్టీన్‌లు. తమ పేరే ఊరికి పెట్టుకున్నారు. రోముకూ, ఉత్తర ఆఫ్రికాలోని కార్థేజ్‌కూ క్రీ.పూ. 264లో మొదటి యుద్ధం అంటుకున్నది వీళ్ల గొడవ వల్లే. ఆ పేరు కూడా ఊరికి అతకలేదు, అక్కడి వైన్‌కు మాత్రం మామెర్టీన్ అని ఉండిపోయింది. జూలియస్ సీజర్ విందులో వడ్డించిన నాలుగు రకాల్లో అదొకటి.

(సభలోంచి: అనాక్సిలాస్ తన సొంతూరి పేరే పెట్టుకున్నాడు కదా, అది మామూలే కదండీ? న్యూయార్క్ లాగా.)

మంచి ప్రశ్న. ఒక చిక్కుంది. అనాక్సిలాస్ ఆ పేరు పెట్టేనాటికి గ్రీసులో మెస్సేనే అనే నగరం లేదు. అది ఒక ప్రాంతం పేరు. ఆ ప్రాంతమేమో స్పార్టా కింద ఉంది, జనం చాలావరకు హెలట్‌లు, పొలానికి కట్టుబడ్డ దాసులు. అక్కడ మెస్సేనే నగరం కట్టింది థీబ్స్ సేనాని ఎపమినోండస్, క్రీ.పూ. 369లో. అంటే సిసిలీలో ఉన్న 'కొత్త' మెస్సేనేకు నూరేళ్లు దాటాక గ్రీసులో 'పాత' మెస్సేనే పుట్టింది.

స్పార్టాకు ఈ పేరంటే ఎంత మంటో చెప్పి ముగిస్తాను. క్రీ.పూ. 396లో కార్థేజ్ సేన సిసిలీ మెస్సానాను నేలమట్టం చేసింది. సిరాక్యూజ్ నియంత డియోనీసియస్ ఊరిని మళ్లీ నింపాడు. దక్షిణ ఇటలీలోని లోక్రి నుంచి 1,000 మంది, మెద్మా నుంచి 4,000 మంది, వాళ్లతోపాటు నిజమైన మెస్సేనియా వాళ్లు, అంటే గ్రీసులోని ఆ మెస్సేనే ప్రాంతం వాళ్లు, 600 మంది. స్పార్టా తరిమితే గ్రీసులోని నౌపాక్టస్‌లో, జకింథోస్ దీవిలో తలదాచుకున్నవాళ్లు వీళ్లు. తమ పేరున్న ఊళ్లోకి తాము వచ్చారు చివరికి. స్పార్టాకు కోపం వచ్చింది: మేం వెళ్లగొట్టినవాళ్లను తీసుకెళ్లి అంత పేరున్న ఊళ్లో కూర్చోబెడతావా అని. డియోనీసియస్‌కు స్పార్టా స్నేహం అవసరం. ఆ 600 మందినీ అక్కణ్ణుంచి లేపేసి, ఉత్తర తీరంలో వేరే చోటు చూపించాడు. మెస్సానాలో మెస్సేనియా వాళ్లు తప్ప అందరూ మిగిలారు. ఆ 600 మందీ తమ కొత్త ఊరికి టిండారిస్ అని పేరు పెట్టుకున్నారు. ఎవరి పేరంటారా? పురాణాల్లో స్పార్టా రాజు టిండారియస్, ఆయన కొడుకులైన కవల దేవుళ్ల వంశం పేరు. ఆ కవలలు పుట్టింది మా గడ్డ మీదే, స్పార్టాలో కాదు అని మెస్సేనియా వాళ్లు ఎప్పట్నుంచో వాదిస్తూ ఉండేవారు.